లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై ఆగినప్పుడు తెగిన చోటును కనిపెట్టే పద్ధతి

మా అపార్ట్‌మెంటులో నల్లా తిప్పితే నీళ్లు రాని రోజున వాచ్‌మన్ నేరుగా వచ్చి నల్లా విప్పడు. సంపులో నీళ్లున్నాయా, మోటారు నడుస్తున్నదా, పైన ట్యాంకు నిండిందా, మా ఫ్లాటుకు వచ్చే వాల్వు తెరిచి ఉందా అని వరుసగా చూసుకుంటూ వస్తాడు. లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై రానప్పుడు కూడా అదే వరుస పాటించాలని నా గట్టి అభిప్రాయం. కార్డు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవరు, ఫర్మ్‌వేర్, రేడియో స్విచ్చు, చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల జాబితా, పాస్‌వర్డు ఒప్పందం, రౌటర్ ఇచ్చే చిరునామా, వెబ్‌సైట్ల పేర్లను అంకెలుగా మార్చే ఏర్పాటు, ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి పనిచేస్తేనే బ్రౌజరులో పేజీ తెరుచుకుంటుంది. ఎక్కడ తెగిందో తెలియకుండా దేన్నీ మార్చకూడదు.

దీన్ని ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న మా మేనల్లుడు ఒక ఆదివారం రాత్రి ఫోన్ చేసి, “మామయ్యా, ఉబుంటు మూడుసార్లు మళ్లీ ఎక్కించాను, అయినా వైఫై కనబడట్లేదు” అన్నాడు. వాడి చదువుకు సంబంధించిన ఫైళ్లు ఆ మూడు ఇన్‌స్టలేషన్లలో పోయాయి. మరునాడు చూస్తే కీబోర్డు మీద విమానం బొమ్మ ఉన్న మీట ఒకసారి నొక్కితే సరిపోయింది. ఆపరేటింగ్ సిస్టంను తిరిగి ఎక్కించడం వల్ల నయమయ్యే వైఫై జబ్బులు చాలా తక్కువ; పోయే ఫైళ్లు మాత్రం ఎక్కువ.

ఈ వ్యాసంలో కమాండ్లను నోటితో పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ’ అని ఉన్నచోట ఆ ఐదు అక్షరాలనూ విడదీయకుండా కొట్టాలి, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలాలి. పెద్ద అక్షరాలు అవసరమైన చోట ఆ సంగతి చెబుతాను. ‘సుడో’ అనే మాట ముందుంటే ఆ కమాండు నిర్వాహక హక్కులతో నడుస్తుంది కాబట్టి అది మీ పాస్‌వర్డు అడుగుతుంది. టైపు చేస్తున్నప్పుడు తెరమీద సాధారణంగా ఏమీ కనబడదు, అయినా అక్షరాలు పడుతూనే ఉంటాయి. ఉదాహరణలన్నీ ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ అనే లినక్స్ రకాలకు చెందినవి.

లోపం ల్యాప్‌టాప్‌దా, లైనుదా

అదే వైఫైకి మీ ఫోనును కలిపి, మొబైల్ డేటాను పూర్తిగా ఆపేసి, ఒక పేజీ తెరిచి చూడండి. డేటా ఆపడం ముఖ్యం, ఎందుకంటే వైఫైలో ఇంటర్నెట్ లేదని గ్రహించిన ఫోను చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది, మనం వైఫై బాగానే ఉందని పొరబడతాం. ఫోనులోనూ రాకపోతే రౌటర్ దగ్గరకు వెళ్లాలి. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో గోడకు బిగించిన డబ్బా మీద ‘ఎల్‌ఓఎస్’ అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే కాంతి సంకేతం మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. వానాకాలంలో స్తంభాల మీదుగా వేలాడే కేబుళ్లు తెగడం మన నగరంలో కొత్త కాదు. అప్పుడు ల్యాప్‌టాప్‌ను ముట్టుకోవలసిన పని లేదు.

ఫోనులో వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతేనే తరువాతి మెట్లు. వాటికి ముందు ఒక ఏర్పాటు చేసుకోండి. మరమ్మతుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఇంటర్నెట్ నుంచే దిగాలి, ల్యాప్‌టాప్‌కేమో ఇంటర్నెట్ లేదు. ఫోనును ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోను సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ విభాగం కింద ఉండే ‘యూఎస్‌బీ టెథరింగ్’ను ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో దీనికి కావలసిన డ్రైవరు లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌లోనే ఉంటుంది కాబట్టి వేరే ఏమీ ఎక్కించకుండానే కొద్ది సెకన్లలో అది వైరు కనెక్షన్‌గా కనబడుతుంది. కేబుల్ మాత్రం ఛార్జింగ్‌తో పాటు డేటాను కూడా మోసేదై ఉండాలి.

రేడియో స్విచ్చు

టెర్మినల్ తెరిచి ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ అని ఇవ్వండి. వైర్‌లెస్ ల్యాన్ అన్న పేరు కింద రెండు వరుసలు కనబడతాయి. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ ఎదురుగా ‘యెస్’ అని ఉంటే ఏదో సాఫ్ట్‌వేర్ రేడియోను ఆపింది; ‘సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ అంటే తొలగిపోతుంది. ‘హార్డ్ బ్లాక్డ్’ ఎదురుగా ‘యెస్’ ఉంటే ఏ కమాండూ దాన్ని తొలగించలేదు. కీబోర్డు మీద ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కే వైర్‌లెస్ మీటను గానీ, పాత ల్యాప్‌టాప్‌లలో అంచున ఉండే చిన్న జారుడు స్విచ్చును గానీ వెతకాలి. అదీ కాకపోతే బయాస్‌లోకి, అంటే యంత్రం ఆన్ అవుతుండగా తెరుచుకునే మూల సెట్టింగ్స్‌లోకి వెళ్లి వైర్‌లెస్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

కార్డు, డ్రైవరు, ఫర్మ్‌వేర్

లినక్స్‌కు ప్రత్యేకమైన లోపాలు ఎక్కువగా ఉండేది ఇక్కడే కాబట్టి కొంత నిదానంగా చూద్దాం. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఒక హైఫన్, దానికి ఆనించి ఎన్, ఎన్, కె అనే మూడు అక్షరాలు కొట్టండి. పొడవైన జాబితా వస్తుంది. అందులో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అన్న వరుసను, దాని కింద ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న వరుసను చూడాలి. యూఎస్‌బీ అడాప్టర్ వాడుతుంటే దీనికి బదులు ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ చూడాలి.

అసలు నెట్‌వర్క్ కంట్రోలర్ వరుసే లేకపోతే కెర్నెల్‌కు కార్డు కనబడడం లేదన్నమాట. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జరు తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేస్తే కొన్నిసార్లు కార్డు తిరిగి కనబడుతుంది. విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్ అయితే మరొక కారణాన్ని అనుమానించాలి. విండోస్‌లోని ‘ఫాస్ట్ స్టార్టప్’ వల్ల షట్‌డౌన్ చేసినా యంత్రం పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళుతుంది. ఆ స్థితిలో వదిలిన కార్డును లినక్స్ కొన్నిసార్లు లేపలేకపోతుంది. విండోస్ నుంచి ‘రీస్టార్ట్’ కొట్టి లినక్స్‌లోకి వస్తే వైఫై వస్తున్నదంటే కారణం అదే, కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ సెట్టింగ్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను శాశ్వతంగా తీసేయండి. ఈ రెండూ ఫలించకపోతే కార్డు స్లాటులో సరిగా కూర్చుని ఉందో లేదో విప్పి చూడవలసిందే.

కార్డు కనబడి డ్రైవరు వరుస లేకపోతే, చాలాసార్లు కారణం కార్డు కొత్తది, కెర్నెల్ పాతది కావడం. ఉదాహరణకు రియల్‌టెక్ 8852బీఈ అనే చిప్పుకు మద్దతు లినక్స్ కెర్నెల్ 6.2లో చేరింది. 2022 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 22.04 మొదట 5.15 కెర్నెల్‌తో వచ్చింది. ఆ పాత పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేసినవారికి ఆ చిప్పు మీద వైఫై గుర్తు కూడా కనబడదు. యూఎస్‌బీ టెథరింగ్‌తో సిస్టంను అప్‌డేట్ చేసి కొత్త కెర్నెల్ ఎక్కించడమో, కొత్త విడుదలతో పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవడమో దీనికి సరైన పరిష్కారం. వెబ్‌లో దొరికే డ్రైవరు కోడును తెచ్చి చేత్తో కంపైల్ చేసే దారిని నేను చివరి గత్యంతరంగా మాత్రమే చూస్తాను, ఎందుకంటే అలా ఎక్కించిన డ్రైవరు తరువాతి కెర్నెల్ అప్‌డేట్‌తో ఆగిపోవచ్చు, అప్పుడు మళ్లీ మొదటికే రావాలి.

డ్రైవరు ఉండి కూడా పనిచేయకపోతే ఫర్మ్‌వేర్‌ను అనుమానించాలి. ఫర్మ్‌వేర్ అంటే కార్డు లోపలి చిన్న ప్రాసెసరు నడవడానికి డ్రైవరు దానికి అందించే ఫైలు. అది డిస్కులో లేకపోతే డ్రైవరు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. ‘సుడో డీఎంఈఎస్‌జీ’ అని ఇస్తే కెర్నెల్ చెప్పిన మాటలన్నీ వస్తాయి. ఇంటెల్ కార్డులకు అందులో ‘ఐడబ్ల్యూఎల్‌వైఫై’ అనే పేరు ఉన్న వరుసలను చదవాలి. ఫర్మ్‌వేర్ దొరకలేదనో, లోడ్ కాలేదనో రాసి ఉంటే ఉబుంటులో ‘లినక్స్-ఫర్మ్‌వేర్’ ప్యాకేజీని తిరిగి ఎక్కించి రీస్టార్ట్ చేయండి. డెబియన్‌లో ఇంటెల్‌కు ‘ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై’, రియల్‌టెక్‌కు ‘ఫర్మ్‌వేర్-రియల్‌టెక్’ అని వేర్వేరు ప్యాకేజీలు ఉంటాయి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇవి అధికారిక ఇన్‌స్టలేషన్ డిస్కులోనే ఉంటున్నాయి. అంతకుముందు విడుదలలతో ఇన్‌స్టాల్ చేసినవారు వీటిని విడిగా తెచ్చుకోవలసి వచ్చేది.

బ్రాడ్‌కామ్ కార్డుల కథ వేరు. పాత ల్యాప్‌టాప్‌లలోని 43142 వంటి చిప్పులకు ఆ కంపెనీ సొంత డ్రైవరు కావాలి, అది కెర్నెల్‌లో భాగం కాదు. ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ అనే ఉపకరణం తెరిస్తే దాన్ని అదే చూపిస్తుంది, డెబియన్‌లో ‘బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్’ అనే ప్యాకేజీ ఎక్కించాలి. ఇలాంటి డ్రైవరు ప్రతి కొత్త కెర్నెల్‌కూ మీ యంత్రంలోనే మళ్లీ తయారవుతుంది కాబట్టి ఆ కెర్నెల్‌కు చెందిన ‘హెడర్స్’ ప్యాకేజీ తప్పక ఉండాలి. ‘నిన్నటిదాకా బాగుంది, అప్‌డేట్ చేశాక పోయింది’ అన్నవారి ల్యాప్‌టాప్‌లో మొదట చూడవలసింది ఇదే. అలాంటప్పుడు యంత్రం ఆన్ అవుతుండగా ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కి గ్రబ్ అనే బూట్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ కింద పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే వైఫై తిరిగి వస్తుంది, నిదానంగా మరమ్మతు చేసుకోవచ్చు.

దీనితో ముడిపడి సెక్యూర్ బూట్ అనే చిక్కు కూడా ఉంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న యంత్రంలో సంతకం లేని డ్రైవరును కెర్నెల్ లోపలికి రానివ్వదు. బయటి డ్రైవరు ఎక్కించేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డు అడిగి, రీస్టార్ట్ తరువాత నీలం తెర చూపించి, ఆ పాస్‌వర్డుతో తాళంచెవిని నమోదు చేయమంటుంది. ఆ తెరను చూసి భయపడి చాలామంది ‘కంటిన్యూ’ కొట్టి దాటేస్తారు. అప్పుడు డ్రైవరు డిస్కులో ఉన్నా లోడ్ కాదు. ‘సుడో మోడ్‌ప్రోబ్’ తరువాత డ్రైవరు పేరు ఇస్తే తాళంచెవి తిరస్కరణకు గురైందని చెబుతుంది. డ్రైవరును తీసేసి మళ్లీ ఎక్కిస్తే సాధారణంగా ఆ పాస్‌వర్డు ప్రశ్న తిరిగి వస్తుంది, ఈసారి నీలం తెరలో ‘ఎన్‌రోల్ మాక్’ (ఎం, ఓ, కె) ఎంచుకోవాలి.

నెట్‌వర్క్‌ల జాబితాలో మీది లేనప్పుడు

‘ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్’ అని ఇస్తే ప్రతి పరికరం స్థితీ కనబడుతుంది. వైఫై ఎదురుగా ‘అన్‌అవైలబుల్’ అంటే పై మెట్లలోనే ఏదో మిగిలింది. ‘అన్‌మేనేజ్డ్’ అంటే నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని తన అధీనంలోకి తీసుకోలేదు; డెబియన్‌లో ఆ పరికరం పేరు ‘ఈటీసీ’ ఫోల్డరులోని ‘నెట్‌వర్క్’ కింద ‘ఇంటర్‌ఫేసెస్’ ఫైలులో రాసి ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. ఆ వరుసల ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలు.

స్థితి బాగానే ఉండి, పక్క ఫ్లాట్ల నెట్‌వర్క్‌లన్నీ కనబడుతూ మీది మాత్రమే కనబడకపోతే ఛానెల్ గురించి ఆలోచించాలి. మన నగరంలో అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ల్యాప్‌టాప్ లేని వీధి ఉండదేమో. అమెరికా కోసం తయారైన కొన్ని కార్డులు 2.4 గిగాహెర్ట్జ్‌లో 11వ ఛానెల్ దాకానే వింటాయి. ఇక్కడి రౌటర్ తనంతట తాను 12నో 13నో ఎంచుకుంటే ఆ ల్యాప్‌టాప్‌కు మీ నెట్‌వర్క్ లేనట్టే, పక్కనే ఫోనులో మాత్రం చక్కగా ఉంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్‌ను ‘ఆటో’ నుంచి 1, 6, 11లలో ఒకదానికి మార్చండి. ఒకదానితో ఒకటి తగులుకోనివి ఆ మూడే కాబట్టి ఇరుగుపొరుగుకూ మేలు. లినక్స్ ఏ దేశపు నియమాలు పాటిస్తున్నదో ‘ఐడబ్ల్యూ రెగ్ గెట్’ చెబుతుంది. దేశం స్థానంలో 00 ఉంటే అది అన్ని దేశాలకూ సరిపోయే జాగ్రత్త నియమాలు పాటిస్తున్నది, 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానెళ్లను అది వాడకపోవచ్చు. ‘సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్’ తరువాత ఐ, ఎన్ అనే పెద్ద అక్షరాలు ఇస్తే భారతదేశపు నియమాలు అమలవుతాయి. కొన్ని కార్డులు దీన్ని పట్టించుకోక తమ లోపలి నియమాలే పాటిస్తాయి.

కనబడుతుంది కానీ కలవదు

పాస్‌వర్డు మళ్లీ మళ్లీ అడుగుతుంటే ముందు పాస్‌వర్డునే అనుమానించండి. తెలుగులో రాసే అలవాటు ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ తెలుగు అమరికలో ఉండగా పాస్‌వర్డు పెట్టె తెరిచి టైపు చేస్తే, చుక్కల వెనుక తెలుగు అక్షరాలు పడతాయి, మనకు ఆ సంగతి తెలియదు. కన్ను గుర్తు నొక్కి అక్షరాలను చూసుకోండి. వైఫై పాస్‌వర్డు 8 నుంచి 63 ఇంగ్లీషు కీబోర్డు అక్షరాల మధ్య ఉండాలి. నెట్‌వర్క్ పేరును మాత్రం తెలుగులో పెట్టుకోవచ్చు, కానీ దానికి 32 బైట్ల హద్దు ఉంది. ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కాబట్టి ‘హైదరాబాద్’ అన్న ఒక్క మాటకే 27 బైట్లు పోతాయి.

పాస్‌వర్డు సరైనదే అయితే పాత జ్ఞాపకాన్ని చెరిపేయండి. రౌటర్ మార్చి అదే పేరు పెట్టుకున్న ఇళ్లలో ల్యాప్‌టాప్ పాత వివరాలతోనే ప్రయత్నిస్తూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్‌ను ‘ఫర్గెట్’ చేసి, కొత్తగా కలపండి. అప్పటికీ కాకపోతే ‘జర్నల్‌సీటీఎల్’ అని, ఖాళీ వదిలి హైఫన్ బీ, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్ యూ, ఆపై ‘నెట్‌వర్క్‌మేనేజర్’ అని ఎన్, ఎం మాత్రం పెద్ద అక్షరాలతో ఇవ్వండి. చివరి 20, 30 వరుసల్లో అసలు కారణం సాధారణంగా దొరుకుతుంది. పాస్‌వర్డు తప్పు కావచ్చన్న మాట అక్కడ కనబడుతూ, మీరు సరిగ్గానే కొట్టారని నమ్మకం ఉంటే రౌటర్ భద్రతా విధానాన్ని చూడాలి. కొత్త రౌటర్లు డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి ప్రసారం చేస్తాయి, బ్రాడ్‌కామ్ సొంత డ్రైవరుకు డబ్ల్యూపీఏ3 చేతకాదు. రౌటర్‌లో డబ్ల్యూపీఏ2 మాత్రమే, ఏఈఎస్‌తో అని పెట్టి పరీక్షించండి. అన్నీ తీసేసి తాళం లేకుండా వదలడం మాత్రం పరీక్షకోసమైనా వద్దు.

హాస్టళ్లలో, ఆఫీసుల్లో పరికరాల మ్యాక్ చిరునామాలను, అంటే నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు సంఖ్యలను, ముందే నమోదు చేసుకుని వాటికే అనుమతి ఇచ్చే పద్ధతి ఉంటుంది. మీ లినక్స్ ప్రతిసారీ మారే మ్యాక్‌తో వెళుతుంటే గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో గుర్తింపు ట్యాబు కింద ‘క్లోన్డ్ అడ్రెస్’ దగ్గర ‘పర్మనెంట్’ ఎంచుకుని, ఆ మ్యాక్‌నే నమోదు చేయించుకోండి. విశ్వవిద్యాలయాల్లో, కంపెనీల్లో యూజర్ పేరుతో సహా అడిగే ఎంటర్‌ప్రైజ్ వైఫైకి పీఈఏపీ, ఎంఎస్‌చాప్‌వీ2 అనే ఎంపికలు ఎక్కువగా సరిపోతాయి, సర్టిఫికెట్ ఫైలును అక్కడి ఐటీ విభాగాన్ని అడిగి తెచ్చుకోవాలి. సర్టిఫికెట్ వద్దని టిక్కు పెట్టి కలిపితే, అదే పేరుతో ఎవరైనా దొంగ నెట్‌వర్క్ పెట్టినా మీ పాస్‌వర్డు వారికి చేరవచ్చు.

కలుస్తుంది కానీ పేజీ రాదు

‘ఐపీ అడ్రెస్’ కమాండు ఇచ్చి, వైఫై పేరు కింద ‘ఐనెట్’ వరుసలో 192.168, 10, 172లలో ఒకదానితో మొదలయ్యే చిరునామా ఉందా చూడండి. లేకపోతే రౌటర్ చిరునామా ఇవ్వలేదు. నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా 45 సెకన్లు ఎదురుచూసి విరమించుకుంటుంది. పీజీ హాస్టళ్లలో ఇది తరచుగా జరుగుతుంది. ఒక రౌటర్‌లో 100 చిరునామాలు మాత్రమే పంచేలా పెట్టారనుకోండి; గదికి నలుగురు, ఒక్కొక్కరికి ఫోను, ల్యాప్‌టాప్ ఉంటే 13 గదులతోనే ఆ వంద దాటిపోతుంది. ముందు చేరినవారికి నెట్ వస్తూ, సాయంత్రం వచ్చినవారికి రాకపోవడం దీని లక్షణం. చిరునామాల పరిధిని పెంచమని, ఒక్కొక్కటి ఎంతసేపు కేటాయించాలన్న గడువును తగ్గించమని నిర్వాహకులను అడగాలి. తోచిన అంకె మనమే పెట్టుకుంటే మరొకరి కనెక్షన్ తెగవచ్చు.

చిరునామా ఉంటే ‘ఐపీ రూట్’లో ‘డిఫాల్ట్ వయా’ పక్కన ఉన్న అంకెకు ‘పింగ్’ కొట్టండి, అది రౌటర్. తరువాత బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ చిరునామా 8.8.8.8కు, ఆ తరువాత ఏదైనా వెబ్‌సైటు పేరుకు కొట్టండి. రౌటర్ పలకకపోతే వైఫై బంధమే బలహీనం. రౌటర్ పలికి 8.8.8.8 పలకకపోతే లైనులో లోపం. అంకెలకు పలికి పేరుకు పలకకపోతే, పేర్లను అంకెలుగా మార్చే ఏర్పాటైన డీఎన్‌ఎస్‌లో లోపం. ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ చూస్తే, మీరు ఎప్పుడో వాడి వదిలేసిన వీపీఎన్ పెట్టిన డీఎన్‌ఎస్ అక్కడ మిగిలి ఉందేమో తెలుస్తుంది. ఆ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని ఐపీవీ4 ట్యాబులో డీఎన్‌ఎస్‌ను ఆటోమేటిక్ నుంచి తప్పించి 1.1.1.1 పెట్టి చూడవచ్చు.

సికింద్రాబాద్, నాంపల్లి వంటి స్టేషన్లలో రైల్‌వైర్ వైఫైకి కలిసినప్పుడు ఫోను నంబరు, ఓటీపీ అడిగే పేజీ రావాలి. లినక్స్‌లో ఆ పేజీ తానుగా తెరుచుకోకపోతే వీపీఎన్ ఆపి, బ్రౌజరులో సురక్షిత డీఎన్‌ఎస్ తాత్కాలికంగా తీసి, నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ తెరవండి; ఆ సైటు గుప్తీకరణ లేకుండా నడుస్తుంది కాబట్టి స్టేషను వ్యవస్థ దాన్ని అడ్డగించి తన పేజీని చూపగలుగుతుంది. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవారు, ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపే డాకర్‌ను కూడా గుర్తుంచుకోవాలి. అది మామూలుగా 172.17 తో మొదలయ్యే చిరునామాలను తనకు కేటాయించుకుంటుంది. ఆఫీసు వైఫై కూడా అవే అంకెలు వాడితే ప్యాకెట్లు బయటికి పోకుండా మీ ల్యాప్‌టాప్ లోపలే తిరుగుతాయి.

అన్నీ సరిగా ఉన్నా ప్రతి సైటూ భద్రతా హెచ్చరిక చూపుతుంటే గడియారం చూడండి. చాలాకాలం మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్‌లో లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కు పోయి ఉంటుంది, అప్పుడు ఏ సర్టిఫికెట్టూ చెల్లదు.

వస్తూ పోతూ ఉండే కనెక్షన్

ఐదు నిమిషాలు బాగుండి రెండు నిమిషాలు ఆగిపోయే వైఫైకి చాలా యంత్రాల్లో విద్యుత్ పొదుపే కారణం. ‘ఐడబ్ల్యూ డెవ్’ తరువాత ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్’లో కనబడిన మీ వైఫై పరికరం పేరు, ఆ తరువాత ‘సెట్’ అని, ‘పవర్’, ‘సేవ్’ మాటలను అడుగుగీతతో కలిపి, చివర ‘ఆఫ్’ అని సుడోతో ఇచ్చి ఒక గంట వాడి చూడండి. ఫలిస్తే దాన్ని శాశ్వతం చేయాలి. ఉబుంటులో ‘ఈటీసీ’ ఫోల్డరులో నెట్‌వర్క్‌మేనేజర్ కింద ‘కాన్ఫ్ డాట్ డి’లో వైఫై పవర్‌సేవ్ పేరున్న ఫైలులో 3 అన్న అంకెను 2గా మార్చి, రీస్టార్ట్ చేయాలి. మూత మూసి తెరిచాక మాత్రమే వైఫై పోతుంటే డ్రైవరును దించి మళ్లీ ఎక్కించి చూడవచ్చు. ఇంటెల్ కార్డుకు ‘సుడో మోడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్’ తరువాత ‘ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎం’, ‘ఐడబ్ల్యూఎల్‌వైఫై’ అని వరుసగా ఇచ్చి, ఆపై ‘సుడో మోడ్‌ప్రోబ్ ఐడబ్ల్యూఎల్‌వైఫై’ ఇవ్వాలి.

సిగ్నల్‌ను కొలవడం కూడా అవసరం. ‘ఐడబ్ల్యూ డెవ్’, పరికరం పేరు, ‘లింక్’ అంటే సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతుంది. మైనస్ 67 కన్నా మెరుగ్గా, అంటే సున్నాకు దగ్గరగా ఉంటే వీడియో కాల్ సాఫీగా సాగుతుంది, మైనస్ 80 దాటి దిగజారితే ఏ సెట్టింగూ కాపాడదు. ఫైబర్ తీగ వచ్చిన చోటే అని రౌటర్‌ను గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద, ఇనుప బీరువా వెనుక పెట్టిన ఇళ్లు ఎన్నో చూశాను. రెండు మీటర్ల కేబుల్ కొని హాల్లో ఎత్తున పెడితే మంచిది. యూఎస్‌బీ 3.0 డిస్కు తగిలించినప్పుడు మాత్రమే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తెగుతుంటే ఆ పోర్టు విడుదల చేసే రేడియో రొద కారణం. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి.

రౌటర్ పక్కనే కూర్చున్నా మైనస్ 75 చూపుతుంటే యాంటెన్నా తీగలు ఊడి ఉండవచ్చు. మా చెల్లెలి ల్యాప్‌టాప్‌కు ఫ్యాను శుభ్రం చేయించి తెచ్చాక సరిగ్గా ఇదే జరిగింది. రెండు వారాలు డ్రైవర్లతో పోరాడి చివరికి వెనుక పలక విప్పి చూస్తే, కార్డు మీద నొక్కి బిగించవలసిన రెండు సన్నని తీగలు పక్కన వదిలేసి ఉన్నాయి. సర్వీసు తరువాత సిగ్నల్ తగ్గిందంటే సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ముందు ఆ తీగలనే చూడమని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను.

కార్డు మార్చవలసి వస్తే

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కార్డు కొనేవారు ‘లినక్స్‌లో పనిచేస్తుందా’ అని కాకుండా, ‘చిప్పు నంబరు ఎంత’ అని అడగాలి. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 కార్డులు విడిగా నిలబడగలవి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం సగం పనిని ఇంటెల్ ప్రాసెసరు మీద వేస్తాయి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అవి పలకవు. పైకి ఒకేలా కనబడతాయి కాబట్టి నంబరును చదివి తీసుకోండి. పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నింటి బయాస్ తన జాబితాలో లేని కార్డును ఒప్పుకోదు. అలాంటి యంత్రానికి యూఎస్‌బీ అడాప్టరే దారి. మీడియాటెక్ 7612యూ, 7921ఏయూ చిప్పుల అడాప్టర్లకు డ్రైవరు కెర్నెల్‌లోనే ఉంది. చవక అడాప్టర్లలో కొన్ని తగిలించగానే విండోస్ డ్రైవరు ఉన్న సీడీలా కనబడతాయి. ఫైల్ మేనేజరులో దాన్ని ‘ఎజెక్ట్’ చేస్తేనో, ‘యూఎస్‌బీ-మోడ్‌స్విచ్’ ప్యాకేజీ ఎక్కిస్తేనో వైఫై కార్డుగా మారతాయి.

ఇన్ని చేసినా చిక్కు వీడకపోతే ఇతరుల సహాయం అడగండి. మీ డెస్క్‌టాప్ తెలుగులో ఉంటే ప్రతి కమాండుకు ముందు పెద్ద అక్షరాలతో ఎల్, సి, అడుగుగీత, ఏ, ఎల్, ఎల్, సమానం గుర్తు, సి అని ఖాళీల్లేకుండా చేర్చండి. సందేశాలు ఇంగ్లీషులో వస్తాయి, అదే లోపాన్ని ఎదుర్కొన్న వేరేవారి అనుభవాలు వెతకడానికి అవి అక్కరకు వస్తాయి. కార్డు వరుస, డ్రైవరు వరుస, కెర్నెల్ సంఖ్య, ఆర్‌ఎఫ్‌కిల్ జాబితా, లాగ్ చివరి 50 వరుసలు ఒకే ఫైలులో పెట్టి, ఏ మెట్టు దాకా సరిగా ఉందో ఒక వాక్యంలో రాయండి. తెర ఫొటోల కన్నా అక్షరాల రూపంలో పంపితే చదివేవారికి సులువు. పంపేముందు ఆ ఫైలులోంచి మీ నెట్‌వర్క్ పేరును, మ్యాక్ చిరునామాను, ఎక్కడైనా పాస్‌వర్డు కనబడితే దాన్నీ చెరిపేయండి.